పెన్‌డ్రైవా, క్లౌడా, హార్డ్ డిస్కా: మొన్నటి ఫైలు మళ్లీ దొరకాలంటే ఏది పెట్టుకోవాలి

దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి రిటైరైన తెలుగు సారు ఒకాయన నెలకు రెండుసార్లు బస్సెక్కి నల్లగొండలోని మా డీటీపీ షాపుకు వచ్చేవారు. చేతిసంచిలో లాంగ్ నోటుబుక్కులు ఉండేవి. వాళ్ల ఊరి చరిత్ర రాసుకున్నారు: చెరువు ఎవరు తవ్వించారు, ఏ వాడకు ఆ పేరు ఎట్లా వచ్చింది, రజాకార్ల కాలంలో ఎవరు ఎవరింట్లో తలదాచుకున్నారు. ఎనిమిది నెలల్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో 140 పేజీలు కొట్టాం. ఒకరోజు మా దగ్గర పనిచేసే తమ్ముడు, వేరే వాళ్ల పుస్తకానికి అదే సైజు, అవే మార్జిన్లు కావాలని సారు ఫైలు తెరిచి, లోపలి మ్యాటరంతా తీసేసి, కొత్త మ్యాటర్ పోసి, అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టాడు. సేవ్ యాజ్ కొట్టలేదు.

మాకేం టెన్షన్ లేదనుకున్నాం, ఎందుకంటే ఆ ఫోల్డర్ క్లౌడ్‌కు సింక్ అవుతుండేది. కానీ సింక్ అంటే ఇక్కడ ఏది మారితే అక్కడా అదే మారుతుంది కదా, రెండు నిమిషాల్లో క్లౌడ్‌లోనూ సారు పుస్తకం పోయి వేరే వాళ్ల పుస్తకం వచ్చి కూర్చుంది. పాత వర్షన్లు, అంటే ఫైలు ఇంతకుముందు ఉన్న రూపాలు, అక్కడ 30 రోజులు ఉంటాయి. సారు ఈసారి ఆలస్యంగా, 41వ రోజున ప్రూఫు కోసం వచ్చారు. పెన్‌డ్రైవ్‌లో పాత కాపీ ఒకటి ఉండాలని వెతికి పెడితే, డ్రైవ్‌ను ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. చివరికి మమ్మల్ని గట్టెక్కించినవి కాగితాలు. ఎర్ర పెన్నుతో దిద్దిన ప్రూఫులన్నీ సారు ఇంట్లో ట్రంకుపెట్టెలో వరుసగా పెట్టుకున్నారు. పదకొండు రాత్రులు కూర్చుని మళ్లీ కొట్టాం. సారు ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

బ్యాకప్ ఏది మంచిదని ఎవరడిగినా అప్పటి నుంచి నేను ఒకటే ఎదురు ప్రశ్న వేస్తున్నాను: మీ ఫైలు ఇంకోచోట ఉందా అని కాదు, రెండు నెలల కింద అది ఎట్లా ఉండెనో అట్లా తెచ్చి చూపించగలరా అని. హార్డ్ డిస్క్ కాలిపోవడం, ల్యాప్‌టాప్ పోవడం అరుదు. పాత ఫైలు మీద కొత్తది సేవ్ చేయడం, పేరాలు తీసేసి మర్చిపోవడం, ఎక్సెల్‌లో ఒక కాలమ్ మాత్రమే సార్ట్ చేసి లెక్కలన్నీ తారుమారు చేసుకోవడం, ఇవి మాత్రం మా షాపులో వారానికొకటి చూస్తాను. రెండో రకం నష్టం నుంచి కాపాడేది కాపీ కాదు, వర్షన్లు. ఏ పద్ధతినైనా ఈ లెక్కతోనే చూడండి.

పెన్‌డ్రైవ్‌లో కాపీ పేస్ట్

ఎక్కువమంది చేసేది ఇదే. తేదీ వేసిన ఫోల్డర్‌లో ప్రతిసారీ కొత్తగా కాపీ చేసుకుంటే ఇది కూడా వర్షన్లు ఉంచుకునే పద్ధతే, తప్పు పట్టను. కానీ మనిషి గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని ఏదైనా పెండ్లిళ్ల సీజన్‌లో ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ఫైళ్లు ఎక్కువగా మారుతుంటాయి. పెన్‌డ్రైవ్ జేబులో తిరిగే వస్తువు, ఫైలు చేరవేయడానికి చేసింది, ఏండ్ల తరబడి దాచడానికి కాదు. ఇంకో చిక్కు, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో 4 జీబీకి మించిన ఒకే ఫైలు పట్టదు, ఖాళీ ఎంత ఉన్నా సరే. పెండ్లి వీడియో ఎక్కకపోతే డ్రైవ్ చెడిపోయిందనుకుని తెచ్చిచ్చేవాళ్లు ఉన్నారు. లోపల ఉన్నవి వేరేచోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది.

క్లౌడ్: గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్

ఉచితంగా ఇచ్చే జాగా చూస్తే గూగుల్‌ది 15 జీబీ, కానీ అది జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ 5 జీబీ, డ్రాప్‌బాక్స్ 2 జీబీ. అందరూ ఈ అంకెలే చూసి ఎంచుకుంటారు, నేనైతే పాత వర్షన్ల నియమం ముందు చూడమంటాను. గూగుల్ డ్రైవ్‌లో మనం ఎక్కించిన మామూలు ఫైళ్ల (పీడీఎఫ్, పీఎస్‌డీ, పేజ్‌మేకర్ వంటివి) పాత వర్షన్లు 30 రోజులు లేదా 100 వర్షన్లు దాటాక పోతాయి. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలో కూడా 30 రోజులే. వన్‌డ్రైవ్ సొంత ఖాతాలో రోజుల లెక్క కాదు, చివరి 25 వర్షన్ల లెక్క. నెలకొకసారి ముట్టుకునే ఫైలుకు అది రెండేండ్ల చరిత్ర, రోజంతా సేవ్ కొడుతుండే ఫైలుకు ఒక పూటలో అయిపోవచ్చు.

గూగుల్ డ్రైవ్‌లో చాలామందికి తెలియని ఏర్పాటు ఒకటుంది. బ్రౌజర్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్ వర్షన్స్‌లోకి వెళ్తే, ఒక్కో వర్షన్ పక్కన మూడు చుక్కలుంటాయి, అందులో కీప్ ఫరెవర్ అని నొక్కితే ఆ వర్షన్ 30 రోజులు దాటినా పోదు. పుస్తకం మొదటి ప్రూఫు అయ్యాక, కార్డు మ్యాటర్ ఓకే అయ్యాక, లెక్కలు ఆడిటర్‌కు పంపాక ఆ ఒక్క క్లిక్ చేసి పెట్టుకోండి. నాకు అప్పుడు ఇది తెలిసి ఉంటే పదకొండు రాత్రులు మిగిలేవి.

గూగుల్ డాక్స్‌లోనే రాసే వాటి సంగతి వేరు. ఎవరు ఎప్పుడు ఏ వాక్యం మార్చారో వర్షన్ హిస్టరీలో రంగులతో కనిపిస్తుంది, ఆ రోజు వర్షన్‌కు ఒక పేరు కూడా పెట్టుకోవచ్చు. పాలమూరు యూనివర్సిటీలోనో, ఇక్కడ మన మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో థీసిస్ రాస్తున్న పిల్లలు ఎవరైనా అడిగితే, యూనికోడ్ తెలుగులో (ఫోన్లలో, నెట్‌లో అంతటా కనిపించే మామూలు తెలుగు) నేరుగా డాక్స్‌లో రాయండి, వేరే ఆలోచన అక్కర్లేదు అంటాను. వర్డ్ కావాలంటే వన్‌డ్రైవ్‌లో సేవ్ చేసుకోండి, ఫైల్ మెనూలో ఇన్ఫో దగ్గర వర్షన్ హిస్టరీ దొరుకుతుంది. అను ఫాంట్లలో కొట్టే మాలాంటి వాళ్లకు మాత్రం డాక్స్ పనికిరాదు, అవి యూనికోడ్ కావు, అక్కడ పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి.

వన్‌డ్రైవ్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. విండోస్ 11లో మీరు గమనించకుండానే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి వెళ్లి ఉండవచ్చు. ఫైలు పక్కన నీలి మేఘం బొమ్మ ఉంటే అది మీ కంప్యూటర్‌లో లేదు, ఆన్‌లైన్‌లో మాత్రమే ఉందని అర్థం. 5 జీబీ నిండిందని హెచ్చరిక వచ్చి, ఆన్‌లైన్‌లో ఎట్లాగూ ఉన్నాయి కదా అనుకునో, కంప్యూటర్‌లో ఎట్లాగూ ఉన్నాయి కదా అనుకునో ఒకచోట డిలీట్ చేస్తారు, రెండుచోట్లా పోతాయి. 30 రోజుల్లోపు వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో చూసుకుంటే దొరుకుతాయి. ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ కూడా ఇట్లాంటిదే: ఫోన్ నిండిందని ఆ యాప్‌లో ఫొటో డిలీట్ చేస్తే బ్యాకప్‌లోదీ పోతుంది, ట్రాష్‌లో 60 రోజులే ఉంటుంది. ఫోన్‌లో జాగా కావాలంటే ఫ్రీ అప్ స్పేస్ నొక్కాలి, డిలీట్ కాదు.

ఇంకా, మొత్తం క్లౌడ్‌కే ఎక్కిద్దామనుకునే ముందు నెట్ అప్‌లోడ్ స్పీడు చూసుకోండి. 5 ఎంబీపీఎస్ వస్తుంటే 100 జీబీ ఎక్కడానికి ఆగకుండా నడిచినా 44 గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు సంగతి మీకు తెలిసిందే.

విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ, పక్కన ఒక హార్డ్ డిస్క్

నా ఓటు దీనికే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. 2012లో విండోస్ 8తో వచ్చింది, 10లోనూ 11లోనూ ఉంది, పైసా ఖర్చు లేదు, బయట పెట్టుకునే హార్డ్ డిస్క్ ఒకటి కొనుక్కుంటే చాలు. కంట్రోల్ ప్యానెల్ తెరిచి ఫైల్ హిస్టరీ అని వెతకండి, డిస్క్ పెట్టండి, టర్న్ ఆన్ నొక్కండి. ఆ తర్వాత గంటకోసారి, మారిన ఫైళ్లను మాత్రమే దానంతట అదే కాపీ చేస్తుంది. పాతదాని మీద రాయదు, పక్కన ఇంకొకటి పెడుతుంది. ఎంతకాలం ఉంచాలన్నదానికి మొదట్లోనే ఫరెవర్ అని ఉంటుంది, జాగా తక్కువైతే ఏడాదో రెండేండ్లో పెట్టుకోవచ్చు. ఆ 30 రోజుల గోడ ఇక్కడ లేదు.

కావలసినప్పుడు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వర్షన్స్‌కు వెళ్తే తేదీలవారీగా వరుస కనిపిస్తుంది. ఇంతకన్నా నాకు నచ్చింది ఇంకొకటి: కంప్యూటర్ మొత్తం పోయినా, ఆ డిస్క్‌ను పక్కింటి వాళ్ల కంప్యూటర్‌కు పెట్టి మామూలు ఫోల్డర్లలాగే తెరుచుకోవచ్చు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ప్రతి ఫైలు పేరు చివర బ్రాకెట్లో తేదీ, సమయం ఉంటాయి. ఆ సమయం మన టైము కాదు, యూటీసీ, అంటే మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనుక. సాయంత్రం ఐదున్నరకు సేవ్ అయిన కాపీ మీద 12 అని ఉంటుంది. ఇది తెలియక మధ్యాహ్నందేమో అని పక్కన పెట్టేసి, అసలు ఫైలు కోసం గంటసేపు వెతికిన రోజుంది.

దీనిలో లోపం ఒకటి పెద్దదే ఉంది. విండోస్ లైబ్రరీల్లోని ఫోల్డర్లు (డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివి), డెస్క్‌టాప్ వరకే ఇది చూసుకుంటుంది. మన దగ్గర షాపుల్లో పనంతా డి డ్రైవ్‌లో ఉంటుంది, దాన్ని ఇది ముట్టుకోదు. ఫైల్ హిస్టరీ ఆన్‌లో ఉంది, ఇక భయం లేదు అనుకుంటూ ఏండ్లు గడిపేస్తారు, అవసరం పడ్డ రోజు చూస్తే డిస్క్‌లో డౌన్‌లోడ్ చేసిన పాటలుంటాయి, పని ఉండదు. డి డ్రైవ్‌లోని మీ పని ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి (విండోస్ 11లో అయితే షో మోర్ ఆప్షన్స్ నొక్కి) ఇంక్లూడ్ ఇన్ లైబ్రరీలో డాక్యుమెంట్స్‌ను ఎంచుకోండి. అప్పుడు అది కూడా లెక్కలోకి వస్తుంది. మరునాడు డిస్క్ తెరిచి, ఆ ఫోల్డర్ నిజంగా వచ్చిందో లేదో కండ్లతో చూసుకోండి.

రెండోది, ఫైలులో ఒక అక్షరం మారినా మొత్తం ఫైలును మళ్లీ కాపీ చేస్తుంది. 200 ఎంబీ ఫ్లెక్సీ డిజైన్ మీద రోజంతా పనిచేస్తే పది కాపీలు, 2 జీబీ. అట్లాంటి పని ఉన్నవాళ్లు గంటకు బదులు మూడు గంటలకో ఆరు గంటలకో మార్చుకుంటే డిస్క్ తొందరగా నిండదు. మ్యాక్ వాడేవాళ్లకు టైమ్ మెషీన్ ఇదే పని ఇంకా పద్ధతిగా చేస్తుంది: గడిచిన 24 గంటలకు గంటకొకటి, నెల వరకు రోజుకొకటి, అంతకుముందువి వారానికొకటి ఉంచుకుంటుంది. వాళ్లకు వేరే సలహా అక్కర్లేదు.

ఫైల్ హిస్టరీ సరిపోని షాపులకు ఫ్రీఫైల్‌సింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చెప్తాను. ఎడమవైపు మీ ఫోల్డర్, కుడివైపు డిస్క్ ఫోల్డర్ చూపించి, ఏది మారిందో కంటి ముందు పెట్టి, నొక్కితే సరిచేస్తుంది. అందులో వర్షనింగ్ అనే ఎంపిక తప్పకుండా పెట్టుకోవాలి, పెడితే మారిన, డిలీట్ అయిన పాత ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో తేదీతో దాస్తుంది. అది పెట్టకుండా, ఇక్కడ ఉన్నట్టే అక్కడా చేసే మిర్రర్ మోడ్‌లో నడిపితే మా పాత కథే మళ్లీ.

గిట్ సంగతి

ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఇంట్లో అందరికీ గిట్ నేర్పిస్తే సరిపోతుంది కదా అంటుంటారు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ పని కోసం రాసిన పరికరం అది, ప్రోగ్రాములు రాసేవాళ్లకు దానికి మించింది లేదు, ఎందుకంటే కోడ్ అంటే ఉత్త అక్షరాల ఫైలు, ఏ వరుసలో ఏం మారిందో వరుస పక్కన వరుస పెట్టి చూపిస్తుంది, ఎందుకు మార్చామో రాసిపెట్టుకోవచ్చు కూడా. కానీ పేజ్‌మేకర్, ఫొటోషాప్, ఫొటోల దగ్గర ఆ తేడా చూపించలేదు, పైగా కమిట్ చేయడం (అప్పటి రూపాన్ని గిట్‌లో నమోదు చేయడం) మనిషే గుర్తుపెట్టుకోవాలి. అమ్మకూ, మిల్లు గుమస్తాకూ దాన్ని అంటగట్టకండి. గిట్ వాడే పిల్లలకూ ఒక మాట: చరిత్రంతా మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే దాగి ఉంటుంది, ల్యాప్‌టాప్ పోతే అదీ పోతుంది. రాత్రి పడుకునే ముందు బయటి సర్వర్‌కు పుష్ చేస్తేనే బ్యాకప్. గిట్‌హబ్ అనే సర్వర్‌లో ఒక్క ఫైలు 100 ఎంబీ దాటకూడదని కూడా గుర్తుంచుకోండి, చివరి రాత్రి ప్రాజెక్ట్ వీడియో ఎక్కిస్తుంటే అక్కడే ఆగిపోతారు.

మీ పనిని బట్టి

ఇంట్లో ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, నాలుగు వర్డ్ ఫైళ్లు ఉన్నవాళ్లకు ఒక హార్డ్ డిస్క్ మీద ఫైల్ హిస్టరీ, సర్టిఫికెట్లు, పాస్‌బుక్కుల స్కాన్ల వరకు గూగుల్ డ్రైవ్. ఇంతే. చదువుకునేవాళ్లకు డాక్స్ లేదా వన్‌డ్రైవ్‌లో వర్డ్ చాలు, హార్డ్ డిస్క్ కోసం అప్పు చేయకండి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, ఎరువుల దుకాణాల్లో ట్యాలీ నడిపేవాళ్లు ట్యాలీ ఫోల్డర్‌ను సింక్ మీద వదిలేయొద్దు, తెరిచి ఉన్న డేటా సగం సగం కాపీ కావచ్చు. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కితే బ్యాకప్ ఉంది, రోజు ముగిశాక ఆ తేదీ పేరుతో ఫోల్డర్ చేసి అందులోకి తీసి, ఆ ఫోల్డర్‌ను డిస్క్‌కూ క్లౌడ్‌కూ పంపండి. జీఎస్టీ రిటర్న్ వేసిన రోజు తీసిన బ్యాకప్ మాత్రం ఎప్పటికీ చెరపకండి.

పెండ్లి ఫొటోగ్రాఫర్లది ఇంకో లెక్క. కెమెరాలోంచి వచ్చిన ఫొటోలు మారవు, వాటికి వర్షన్లు అక్కర్లేదు, రెండు వేర్వేరు డిస్కుల్లో కాపీలు కావాలి, రెండో డిస్క్‌లో పడ్డాకే కార్డు ఫార్మాట్ చేయాలి. వర్షన్లు కావలసింది ఆల్బమ్ డిజైన్ ఫైళ్లకు.

డీటీపీ వాళ్లం మర్చిపోయేది ఫాంట్లు. పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే దాచుకుంటే పదేండ్ల తర్వాత అను ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అది చదవలేని గీతలే. బొమ్మలు కూడా చాలావరకు లింకులుగా ఉంటాయి, లోపల ఉండవు. అందుకే ఒక పుస్తకానికి ఒకే ఫోల్డర్ పెట్టి, అందులో ఫైలు, బొమ్మలు, వాడిన ఫాంట్లు, చివరి పీడీఎఫ్ అన్నీ కలిపి ఉంచుతున్నాను. కోరల్‌డ్రా దానంతట అదే బ్యాకప్ ఆఫ్ అని పక్కన ఒక ఫైలు చేస్తుంది, చాలామంది చెత్త అనుకుని తీసేస్తారు. తీయకండి, అది ఒక్క అడుగు వెనకటి వర్షన్.

ఎవరైనా సరే, ఒక కాపీ వేరే ఊళ్లోనో కనీసం వేరే ఇంట్లోనో ఉండాలి. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగినప్పుడు ఆలంపూర్ వైపు ఇండ్లూ దుకాణాలూ కలిసే మునిగాయి; షాపులో ఒకటి, షాపు వెనుక ఇంట్లో ఒకటి పెట్టుకున్నా అట్లాంటప్పుడు రెండూ పోతాయి. ఇంకో సంగతి, డిస్క్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించే ఉంచితే, 2017 మేలో వచ్చిన వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగే వైరస్) లాంటిది వచ్చినప్పుడు కంప్యూటర్‌లోని ఫైళ్లతో పాటు డిస్క్‌లోవీ తాళం పడతాయి. ఎండకాలం ఉరుములకు అడాప్టర్లు కాలిపోవడం వేరే. అందుకని నా దగ్గర రెండు డిస్కులున్నాయి. ఒకటి పనిగంటల్లో తగిలించి ఉంటుంది, ఇంకోటి శనివారం సాయంత్రం షాపు కట్టేసే ముందు గంటసేపు పెట్టి, తీసి, టిఫిన్ డబ్బాతో పాటు ఇంటికి తీసుకుపోతాను.

ఒకటో తారీఖున పొద్దున ఏదో ఒక పాత ఫైలు, మూడు నెలల కిందటిది, డిస్క్‌లోంచి వెనక్కి తీసి తెరుస్తాను. అక్షరాలు సరిగ్గా కనిపిస్తే మూసేస్తాను. సారు పుస్తకం అచ్చయ్యాక ఫోల్డర్ మొత్తం ఒక చిన్న డిస్క్‌లో వేసి ఆయనకే ఇచ్చాను. దేవరకొండ వైపు వాళ్లింట్లో అదే ట్రంకుపెట్టెలో, ఎర్ర సిరా ప్రూఫుల పక్కన పెట్టుకున్నారట. రెండో ముద్రణకు కొత్తగా నలభై పేజీలు రాస్తున్నారు.